చారిత్రక ఓరుగల్లు: చూడవచ్చిన వారికి దారి

ఉత్సవములకు, మహాసభలకు వరంగల్లు వచ్చు బంధుమిత్రులు మనలను తప్పక అడుగు మాట ఒకటున్నది: "మీ ఊరిలో చూడవలసినవి ఏవి?" మనము వెంటనే వేయిస్తంభముల గుడి, భద్రకాళి చెరువు, కోట అని మూడు పేర్లు చెప్పి, ఒక ఆటో మాట్లాడి పంపుదుము. వారు కోటకు పోయి, తోరణముల ముందు నిలిచి ఫోటో తీయించుకొని, అరగంటలో తిరిగి వత్తురు. వారు తోరణమును చూచిరే గాని ఓరుగల్లు నగరమును చూడలేదు. ఈ నగరమును కట్టినవారు దానిలో ప్రవేశించు దారిని కూడ ఆలోచించి కట్టిరి. ఆ దారిని పట్టి నడచిన వారికే నగరము అర్థమగును. అందులకు ఉపకరించు కొన్ని చారిత్రక విషయములను ఇచ్చట మనవి చేయుచున్నాను.

నగర నిర్మాణము

కాకతీయుల మొదటి రాజధాని హనుమకొండ. రుద్రదేవుడు 1163లో అక్కడ వేయిస్తంభముల ఆలయమును కట్టించెను. కొంత కాలమునకు దానికి ఆగ్నేయముగా, బయలు ప్రదేశములో, కొత్త నగరమునకు పునాదులు పడినవి. అచ్చట ఒంటరిగా లేచి నిలిచిన పెద్ద రాతిగుట్ట ఒకటి గలదు. ఆ ఒంటిరాయిని బట్టియే ఓరుగల్లు అనియు, సంస్కృతములో ఏకశిలానగరమనియు పేరు వచ్చినది. గణపతిదేవుని కాలములో (1199–1262) ఇది రాజధాని అయినది. ఆయన కుమార్తె రుద్రమదేవి (1262–1289) కోటను మరింత బలపరచెను.

కోట గుండ్రని ఆకారము గలది. లోపలిది రాతిగోడ. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. సున్నము వాడక, చెక్కిన నల్లరాళ్లను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిరి. వెలుపల నీటి కందకము, గోడ పొడవునా 45 బురుజులు, లోపలి వైపున సైనికులు పైకెక్కుటకు మెట్ల వరుసలు గలవు. దానికి ఆవల మరల గుండ్రముగా మట్టిగోడ, దాని అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. ఇంకను దూరముగా, నేటి పట్టణమును కూడ చుట్టుకొని, మూడవ మట్టికట్ట ఉండెను.

రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు గలవు. ఈ ద్వారముల నిర్మాణమే మిక్కిలి గమనింపదగినది. వచ్చినవాడు తిన్నగా లోపలికి పోలేడు. మొదటి వాకిలి దాటగానే ఎదుట గోడ అడ్డు వచ్చును. ఒక మలుపు తిరిగి, నలువైపుల గోడలున్న ఆవరణలోనికి వచ్చి, మరల మలుపు తిరిగిన గాని ఊరిలోనికి దారి లేదు. శత్రువుల ఏనుగులు పరుగున వచ్చి తలుపులను ఢీకొనకుండ ఈ ఏర్పాటు. ద్వారము దాటిన పిమ్మట దారి తిన్నగా నగర మధ్యమునకు సాగును. అక్కడ స్వయంభూదేవుని ఆలయము, దాని నాలుగు దిక్కుల నాలుగు తోరణములు ఉండెను. అనగా ఏ దిక్కు నుండి వచ్చిన బాటసారి అయినను ఎటు పోవుటయా అని తికమకపడ నక్కర లేదు. దారియే అతనిని చేయి పట్టి నడిపించును.

వెనుకటి సందర్శకులు

ఆ కాలమున పరదేశి వ్యాపారులు సముద్రము మీదుగా మోటుపల్లి రేవులో దిగుచుండిరి. గణపతిదేవుడు 1244–45లో అక్కడ అభయశాసనము వేయించెను. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన సరుకును పూర్వపు రాజులు లాగుకొనుచుండిరనియు, తాము అట్లు చేయక న్యాయమైన సుంకము మాత్రమే పుచ్చుకొందుమనియు ఆ శాసన తాత్పర్యము. సుంకము ముప్పదింట ఒక వంతు. వెనీసు నగరవాసి మార్కోపోలో తన గ్రంథములో ఈ తీరమును గూర్చి వ్రాసి, దేశమును ఏలిన రాణి న్యాయబుద్ధిని మెచ్చుకొనెను. ఆమె రుద్రమదేవియే అని చరిత్రకారుల అభిప్రాయము.

వచ్చినవారందరు స్నేహితులు కారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ దండెత్తి వచ్చి, ముందుగా హనుమకొండ గుట్ట నెక్కి అక్కడ నుండి ఓరుగల్లును పరిశీలించెనని అమీర్ ఖుస్రో వ్రాసెను. మట్టిగోడ ఎంత గట్టిదనగా, దానిపై విసిరిన రాళ్లు పిల్లలాడుకొను కాయలవలె ఎగిరి వెనుకకు పడుచుండెనట. ఆ మట్టిగోడ పడిన తరువాత కూడ కందకముతో కూడిన రాతికోట నిలిచియుండెను. ప్రతాపరుద్రుడు కప్పము చెల్లించి సంధి చేసికొనెను. 1323లో ఉలుగ్ ఖాన్ నగరమును పట్టుకొని దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టెను. స్వయంభూ ఆలయము కూలినది. నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి.

ఓరుగల్లును తిరిగి చూచిన వారిని మన కండ్లకు కట్టించు తెలుగు గ్రంథము క్రీడాభిరామము. దీనిని వినుకొండ వల్లభరాయుడు వ్రాసెనని చెప్పుదురు, శ్రీనాథుని రచన అని వాదించిన పండితులును గలరు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అను ఇద్దరు మిత్రులు ఒక దినమంతయు ఈ నగరములో తిరుగుటయే దానిలోని కథ. అందలి శృంగార ప్రసంగములను అటుంచినచో, చరిత్ర నేర్చుకొనువారికి అది పెన్నిధి. వీథులు, గుడులు, కోడిపందెములు, ఒక రూక ఇచ్చినచో కమ్మని భోజనము పెట్టు పూటకూళ్ల ఇల్లు, అన్నియు అందున్నవి. రాజులు, యుద్ధములు శాసనములలో దొరకును. ఒక సామాన్యుడు ఆ ఊరిలో ఎక్కడ తిన్నాడు, ఏమి చూచి ఆగినాడు అనునది ఇట్టి గ్రంథములలోనే దొరకును. ఆ ఇద్దరికి అంత కనబడుటకు కారణము వారు తొందరలేక నడచుటయే.

నేడు చూచు విధము

కాజీపేటలో గాని, వరంగల్లులో గాని రైలు దిగినవారు ఉదయమే బయలుదేరుట మంచిది. ముందు హనుమకొండలో వేయిస్తంభముల గుడి చూచి, తరువాత కోటకు వచ్చినచో చరిత్ర నడచిన వరుసలోనే మనమును నడచినట్లగును. కోట పడమటి ద్వారము వద్ద బండి దిగవలెను. మలుపులను స్వయముగా తిరిగి, గోడలపై చేయి వేసి, రాతికి రాయి ఎట్లు అతికినదో చూడవలెను. అక్కడ నుండి మధ్యమునకు పది నిమిషముల నడక. తోరణముల నడుమ నిలిచి నాలుగు దిక్కులు చూచినచో నగర స్వరూపము తెలియును. దగ్గరనే ఖుష్ మహల్ గలదు. ఇది ఢిల్లీ సుల్తానుల కాలపు సభామందిరమని పలువురు పండితుల అభిప్రాయము. పిమ్మట ఏకశిల గుట్ట ఎక్కి చూచి, ఓపిక ఉన్నవారు తూర్పు ద్వారము వరకు పోవచ్చును. రాతిగోడ చుట్టు తిరిగి వచ్చుటకు సుమారు గంట పట్టును. త్రాగు నీరు వెంట ఉంచుకొనవలెను.

ఐరోపాలోని రోము నగరము సంగతియు ఇట్టిదే. ఆరేలియన్ చక్రవర్తి మూడవ శతాబ్దిలో కట్టించిన ప్రాకారములు నేటికిని నిలిచియున్నవి. వాటి ద్వారములకు ఆయా బాటల పేర్లే ఉండెను. పౌలు ఆ నగరమునకు నడచి వచ్చిన అప్పీయా మార్గమును మన సంఘస్థులు బైబిలులో ఎరుగుదురు. నేటి యాత్రికులు ఆ రాళ్లబాటపై నడచుటకు దూరదేశముల నుండి వత్తురు. అంతటి బాట మన ఇంటి ముంగిటనే ఉన్నది.

ఐతే ఒక భేదము గలదు. మన కోట పాడుపడిన కోట కాదు. తూర్పు కోట, మధ్య కోట, పడమర కోట అని పేర్లు గల వాడలలో కుటుంబములు నేటికిని కాపురమున్నవి, పొలములు పండుచున్నవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర చిహ్నములో తోరణమునకు చోటు దొరికినది, దానికి కావలి ఉన్నది. మట్టిగోడకు అట్టి గౌరవము లేదు. చూచువారికి అది ఉత్త మట్టిదిబ్బ. కావుననే ఇండ్లకొరకు, దారులకొరకు అది కొంచెము కొంచెముగా తరిగిపోవుచున్నది. ఒక సైన్యమును ఆపిన గోడ, దాని విలువ తెలియని మన చేతులలో కరగిపోవుట విచారకరము.

దానిని కాపాడుటకు చట్టమొక్కటే చాలదు. అది గోడ అని తెలిసినవారు ఊరిలో ఉండవలెను. ఆదివారపు బడి పిల్లలను, యువజన సమాజముల వారిని సంవత్సరమునకొక మారు కోటకు తీసికొనిపోయి, ద్వారము నుండి ద్వారము వరకు నడిపించి, మట్టిగోడను కూడ చూపవలెనని పెద్దలను కోరుచున్నాను. ఈ మారు చుట్టములు వచ్చి "చూడవలసినవి ఏవి?" అని అడిగినప్పుడు, ఆ పిల్లలే ముందు నడచి దారి చూపగలరు.