ముందు భద్రత, ఆ తర్వాతే గతం

కుటుంబంలో రక్తసంబంధీకుల లైంగిక హింస పది లక్షల మందిలో ఒకరికి మాత్రమే ఎదురవుతుందని 1975 నాటి అమెరికా మనోవైద్య పాఠ్యగ్రంథం చెప్పింది. ఆ రోజుల్లోనే మసాచుసెట్స్‌లో మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్, ఆమె సహచరి లిసా హిర్ష్‌మన్ అలాంటి బాల్యం గడిపిన స్త్రీలను ఒకరి తర్వాత ఒకరిని చూస్తున్నారు. పుస్తకాన్ని పక్కనపెట్టి వాళ్ల మాటే నమ్మారు. 40 మంది చెప్పింది విని, 1981లో గ్రంథంగా తెచ్చారు.

అంతకు ముందు ఏడాదే పీటీఎస్‌డీకి, అంటే తీవ్ర ఆఘాతం తర్వాత వెంటాడే మానసిక రుగ్మతకు, అమెరికా మనోవైద్యంలో గుర్తింపు దక్కింది. దాని వెనుక వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం ఉంది. కానీ ఏళ్ల తరబడి సొంత ఇంట్లోనే, పెంచాల్సిన చేతులే హింసిస్తే ఆ గాయం తీరు వేరు. పీడకలలతో, ఉలికిపాట్లతో అది ఆగదు. కోపం, దుఃఖం అదుపులో ఉండవు. తాను పనికిరానిదాన్నన్న సిగ్గు వదలదు. ఎవరినీ నమ్మలేరు. 1992లో హెర్మన్ దీనికి కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు.

చికిత్సకు మూడు దశలు చెప్పారు: భద్రత, గతాన్ని తలుచుకుని దుఃఖించడం, మనుషులతో, జీవితంతో మళ్లీ కలవడం. ఫ్రాన్స్‌లో మనస్తత్వవేత్త పియర్ జానే 19వ శతాబ్దం చివర్లోనే ఇలాంటి క్రమాన్ని అనుసరించారు. నిలదొక్కుకోకముందే గతాన్ని తవ్వితే మనిషి మళ్లీ అదే భయంలో మునిగిపోవచ్చన్నది ఇందులోని ఆలోచన.

ఈ దశలవారీ పద్ధతిని పరీక్షకు పెట్టినవారిలో పరిశోధకురాలు మెరిలీన్ క్లాట్ర్ ఒకరు. బాల్యంలో హింసకు గురైన 58 మంది స్త్రీలతో ఆమె బృందం చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. మొదటి ఎనిమిది విడతల్లో ఉద్వేగాలను గుర్తించడం, తట్టుకోవడం, మనుషులతో మెలగడం నేర్పారు. ఆ తర్వాతి ఎనిమిదింటిలో జ్ఞాపకాలను వివరంగా చెప్పించారు. చికిత్స కోసం ఎదురుచూస్తున్న వారి కంటే వీరు బాగా కోలుకున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి విడిగా చోటు దొరికింది. అమెరికా మనోవైద్య వర్గీకరణ మాత్రం ఇంకా ఇవ్వలేదు.

తొలి దశ అందరికీ తప్పనిసరి కాదనీ, దానివల్ల అసలు చికిత్స ఆలస్యమవుతుందనీ 2016లో కొందరు పరిశోధకులు వాదించారు. ఆ చర్చ అవసరమే. ఎవరికి ఎంత సన్నాహం కావాలో ఒకే కొలతతో తేల్చలేం. కానీ ఏ పద్ధతి ఎంచుకున్నా, ఎప్పుడు మాట్లాడాలో, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించే హక్కు బాధితులదే. చిన్నప్పుడు వాళ్ల నుంచి లాక్కున్నది ఆ హక్కునే. దాన్ని తిరిగి వాళ్ల చేతికివ్వకుండా చేసేది చికిత్స కాదు.