జీడిమెట్లలో ఒక వాకిన్

బాలానగర్ చౌరస్తాలో బస్సు దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఈ చుట్టుపక్కలే ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ నడిచింది. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు అంతకుముందు అందులో ఉద్యోగం చేశారు. నీది బీఎస్సీ కెమిస్ట్రీ, ఆఖరి సెమిస్టర్; మందుల కంపెనీలో వాకిన్ ఇంటర్వ్యూకి వచ్చావు. షేర్ ఆటో ఎక్కి జీడిమెట్ల వైపు పోతుంటే సాల్వెంట్ వాసన ముక్కుకి తగులుతుంది. కాలేజీ ల్యాబ్ వాసనే, ఇంకాస్త ఘాటుగా.

కంపెనీ గేటు బయట అప్పటికే పెద్ద లైను. అందరి చేతుల్లోనూ ఫైళ్లు: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, సెమిస్టర్ మెమోలు, ఆధార్ జిరాక్సు. నీ ముందున్నతను ఇప్పటికే వేరే కంపెనీలో చేస్తున్నాడు, మారదామని వచ్చాడు.

“ఏ డిపార్ట్‌మెంట్‌కి తమ్ముడూ?”

“ఏదైనా పర్లేదన్నా.”

“లోపల గట్ల అనకు. ప్రొడక్షన్ అంటే రియాక్టర్ల దగ్గర నిలబడుడు. క్యూసీ అంటే శాంపిల్ టెస్ట్ చేసుడు. క్యూఏ అంటే బ్యాచ్ రికార్డులు, సంతకాలు. నైట్ షిఫ్ట్ పడ్తది, ఇంట్ల ముందే చెప్పి పెట్టు.”

తన నోట్‌బుక్ తీసి ఒక పేజీ చూపిస్తాడు. తప్పు పడ్డ అంకె మీద ఒకే ఒక్క గీత, పక్కన సంతకం, తేదీ. కింద ఉన్న అంకె చదవడానికి వీలుగానే ఉంది. వైట్‌నర్ పెట్టినా, గజిబిజిగా కొట్టేసినా ఫార్మాలో పెద్ద తప్పు. సొంత నోట్‌బుక్కులో కూడా చెయ్యి అలాగే అలవాటు పడిపోయిందట. డిగ్రీ కాలేజీల్లో మూడేళ్లలో ఒక్క గంట కేటాయిస్తే ఈ మాటలన్నీ పిల్లలకు చెప్పొచ్చు. చాలాచోట్ల చెప్పరు. గేటు ముందు పరాయి మనిషి దయతలచి చెప్పాల్సి వస్తోంది.

రాత పరీక్ష తేలిగ్గానే గడుస్తుంది. మధ్యాహ్నం దాటాక ఇంటర్వ్యూకి నీ పేరు పిలుస్తారు.

“పర్మాంగనేట్ టైట్రేషన్ చేశావా? ఆక్సాలిక్ యాసిడ్‌ని ఎందుకు వేడి చేస్తాం?”

“గది ఉష్ణోగ్రత దగ్గర రియాక్షన్ నెమ్మదిగా జరుగుతుంది సార్.”

“సల్ఫ్యూరిక్ బదులు హెచ్‌సీఎల్ పోస్తే?”

ఒక్క క్షణం తడబడతావు. అంతలో కాలేజీ ల్యాబ్, ఊదారంగు బ్యూరెట్టు కళ్లముందుకొస్తాయి. “క్లోరిన్ వస్తుంది సార్. పర్మాంగనేట్ దానికీ ఖర్చవుతుంది, రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.”

“బ్యూరెట్ రీడింగ్?”

“ముదురు రంగు కాబట్టి పై మెనిస్కస్ సార్.”

ఇంటర్వ్యూ చేసే ఆయన రెజ్యూమె మీద ఏదో రాసుకుంటారు. “నువ్వేమైనా అడుగుతావా?” జీతం సంగతి నాలుక చివరిదాకా వస్తుంది. అడగొచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ అంతకన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. “క్యూసీలో చేరితే మొదట్లో నాతో ఏ పని చేయిస్తారు సార్?”

ఆయన పెన్ను కింద పెడతారు. ముందు వెట్ ల్యాబ్, టైట్రేషన్లు, తేమ పరీక్షలు. చెయ్యి కుదిరాక హెచ్‌పీఎల్‌సీ. ఎమ్మెస్సీ చేస్తే ఆర్‌అండ్‌డీకి దారి దొరుకుతుంది, దానికి సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాసే ఉద్దేశం ఉందా అని ఆయనే అడుగుతారు. రాయాలనే ఉందంటావు. అబద్ధం చెప్పనందుకు ఆయనేమీ మొహం మాడ్చుకోరు. ఫలితం మెయిల్‌లో వస్తుందని చెప్పి, తర్వాతి పేరు పిలుస్తారు.

బయటికొచ్చి ఆ అన్న నంబరు తీసుకుంటావు. ప్రొడక్షన్‌లో పనిచేసే స్నేహితుడొకడు ఉన్నాడట, ఆదివారం మాట్లాడిస్తానంటాడు.