ఆకాశపు పేర్లు, నేల మీది బ్యాక్టీరియా

హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ మూడు కొత్త బ్యాక్టీరియా జాతులను కిందికి తెచ్చిందని 2009లో వచ్చిన వార్తను చాలామంది ఒకే రకంగా చదువుకున్నారు: అంత ఎత్తులో దొరికాయి కనుక అవి కొత్తవి. ఈ చదువులో లోపం ఉంది. దొరికిన చోటును బట్టి ఏ సూక్ష్మజీవీ కొత్త జాతి కాదు. అప్పటికి అమల్లో ఉన్న వర్గీకరణ నియమాలే దాన్ని కొత్తదనో పాతదనో తేలుస్తాయి. గాలిలో సూక్ష్మజీవులుంటాయని 1860ల తొలినాళ్లలోనే పాశ్చర్ రుజువు చేశాడు. తర్వాత పారిస్‌లోని మోంసూరీ వేధశాలలో మికెల్ అనే శాస్త్రవేత్త నగరపు గాలిలో వాటిని ఏళ్ల తరబడి లెక్కించాడు. 1872లో కోన్ అనే శాస్త్రవేత్త ఆకారాన్ని బట్టి వాటిని వర్గాలుగా విభజించాడు. 1980 నాటి బ్యాక్టీరియా పేర్ల ఆమోదిత జాబితా పాత పేర్లను జల్లెడ పట్టింది. ఇంతవరకు పెద్ద తగువు లేదు.

తగువంతా 1987 తర్వాతిది. ఆ ఏడాది నిపుణుల సంఘం రెండు నమూనాల డీఎన్‌ఏ జత కట్టే పాళ్లు సుమారు 70 శాతం, ఆ పైన ఉంటే ఒకే జాతి అంది. అది కష్టమైన ప్రయోగం. ప్రయోగశాల మారితే అంకె కూడా కాస్త మారేది. 1994లో 16ఎస్ అనే ఒక్క జన్యువును పోల్చే సులువైన కొలత వచ్చింది: పోలిక 97 శాతానికి తగ్గితే వేరే జాతి. దీన్ని తిరగేసి, 97 దాటితే ఒకే జాతి అనుకోవడం పొరపాటు. దాటినప్పుడు డీఎన్‌ఏ ప్రయోగం చేసి తేల్చుకోవాల్సిందే.

హైదరాబాద్‌లో ఇస్రో చేసిన బెలూన్ ప్రయోగాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. 2005 ఏప్రిల్ 20న ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో ఉక్కు గొట్టాలలో గాలిని పట్టింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రయోగశాలలోనూ, పుణెలోనూ జరిగిన పరీక్షల్లో 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు బయటపడ్డాయి. వాటిలో తొమ్మిది 16ఎస్ జన్యువులో భూమ్మీద తెలిసిన జాతులతో 98 శాతానికి మించి పోలాయి. కొత్తవిగా తేలినవి మూడే: జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. ఇవి అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి బంధువులకన్నా బాగా తట్టుకున్నాయి కాబట్టి అంతరిక్షం నుంచే వచ్చి ఉంటాయన్న వాదన లేచింది. అయితే బాసిల్లస్ సిద్ధబీజాలు కిరణాలకు ఓర్చుకోవడం కొత్త విషయమేమీ కాదు. భూమికి ఆవల పుట్టాయని ఇది నిర్ధారించదని ఇస్రో ప్రకటనే చెప్పింది. పతాక శీర్షికలు ఆ మాటను పట్టించుకోలేదు. తర్వాత ఆర్యభట్టైని మొక్కల వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో పదేపదే గుర్తించారు. ఇస్రోనెన్సిస్‌ను 2016లో సోలిబాసిల్లస్ ప్రజాతికి, ఆర్యభట్టైని 2020లో ప్రీస్టియా ప్రజాతికి మార్చారు.

పేర్లు ఇలా మారుతుంటే వర్గీకరణంతా ఉత్త పేర్ల ఆటేనా అని అడగవచ్చు. కాదు. పేరు పెట్టేటప్పుడు ఆ జీవిని కనీసం రెండు దేశాల భాండాగారాల్లో జమ చేయాలన్న నియమం ఉంది కాబట్టే ఇతరులు దాన్ని తెప్పించుకుని మళ్లీ పరీక్షించగలిగారు, ప్రజాతిని సరిదిద్దగలిగారు. నేటి పద్ధతి మీద నా అభ్యంతరం వేరే ఉంది. మొత్తం జన్యుపటాన్ని పోల్చి 95–96 శాతం దగ్గర గీత గీయడం మెరుగైన పనే. కానీ ఒక్క నమూనాతోనే కొత్త జాతిని ప్రకటించే అలవాటు పోలేదు. జాతిలో సహజంగా ఉండే వైవిధ్యం ఎంతో తెలియకుండా హద్దు గీయడం తొందరపాటు. 2022లో వచ్చిన సీక్వెన్స్ కోడ్ అనే నామకరణ నియమావళి జీవిని పెంచకుండా జన్యుపటం ఆధారంగానే పేరు పెట్టనిస్తోంది. నగరపు గాలిలో పెంచడానికి లొంగనివి ఎన్నో ఉన్నాయి కనుక దాని అవసరాన్ని కాదనలేం. అయినా తిరిగి పరీక్షించడానికి జీవి చేతిలో లేని చోట, ఆ పేరును తాత్కాలికంగానే చూడటం మంచిది.