బందరులో కాపురం పెట్టిన ఎలిజబెత్

1525 జనవరి 21న జూరిచ్‌లో కొందరు ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. ఊహ తెలియనప్పుడు చర్చి ఇచ్చినది చెల్లదని వాళ్ళ వాదన. 2025తో ఆ ధిక్కారానికి ఐదు వందల ఏళ్ళు. ఆ సందర్భంగా, మన కృష్ణా డెల్టాకు వలస వచ్చిన మెనోనైట్ ఇల్లాలి గురించి ఆదివారానికల్లా రాసివ్వమన్నారు సంపాదకులు. రాసేవాణ్ణే గానీ, మెనోనైట్లు ఇటు రాలేదే!

మధ్య శతాబ్దాలు గబగబా దాటేద్దాం. 1536లో డచ్ ఫాదరీ మెనో సైమన్స్ కేథలిక్ మతం వదిలి వీళ్ళలో కలిశాడు. మెనోనైట్లన్న పేరు ఆయన చలవే. తరిమితే తరలిపోయి, విస్తులా డెల్టాలో గట్లు పోసి చిత్తడినేలలు సాగుచేశారు. 1789లో రష్యాకు వెళ్ళి ద్నీపర్ నది ఒడ్డుకు చేరారు. కత్తి పట్టరు, ఒట్టు పెట్టరు. ఆ రష్యా మెనోనైట్లలోంచే అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో బయల్దేరి, మరుసటేడు నల్లగొండ చేరారు. డెల్టా సేద్యంలో ఆరితేరిన జాతి మన డెల్టాను కాదని మెట్టకెళ్ళడం నాకిప్పటికీ చిత్రమే.

మనకు అంతకు దాదాపు యాభై ఏళ్ళ ముందే ఒక ఇల్లాలు వచ్చింది. మెనోనైట్ కాదు, ఆంగ్లికన్. పేరు ఎలిజబెత్ ఫాక్స్. నాకు ఇష్టమైన కథ ఈవిడదే.

1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ ఒక మిషన్ సొసైటీ తరఫున ఇంగ్లండు నుంచి ఓడెక్కారు. నోబుల్ బ్రహ్మచారి. ఫాక్స్ వెంట కొత్త పెళ్ళికూతురు. జులైలో మద్రాసులో దిగేటప్పటికే ఆమె గర్భవతి. అప్పట్లో మద్రాసుకు ఓడరేవు లేదు. ఓడ దూరంగా లంగరేస్తే, మసూలా పడవల్లో ఒడ్డుకు రావాలి. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టిన పడవలవి. కెరటం కొడితే విరగవు, వంగుతాయి. లోపలికి నీళ్ళూ వస్తాయి, తోడిపోస్తూ ఉండాలి.

అక్టోబరులో బందరులో కొడుకు పుట్టాడు, హెన్రీ ఎలియట్. బెజవాడ ఆనకట్ట ఇంకా లేదు, కాలవల్లేవు, గుంటూరు కరువు గడిచి పదేళ్ళు కూడా కాలేదు. భర్తకు జబ్బుచేస్తే నీలగిరులకు, నెమ్మదిస్తే మళ్ళీ ఉప్పుగాలికి. ఆయన ఊళ్ళు తిరిగి సువార్త ప్రకటించాడు. నోబుల్ 1843లో ఇద్దరు పిల్లలతో బడి పెట్టాడు. ఆమె ఏం చేసింది? బిడ్డల్ని కంది, పెంచింది, జబ్బుపడింది. మిషన్ చరిత్రల్లో భార్యలు పురిటికీ పాడెకీ తప్ప కనపడరు. ఆమె భక్తి కూడా మనకు దక్కింది భర్త కాగితాల్లోంచే. వాటిని పుస్తకంగా కూర్చింది ఆయన సోదరుడు. ఆమె చేతిరాత కొన్ని పుటలైనా అచ్చయితే, ఆయన ప్రసంగాలన్నీ వదులుకోడానికి నేను సిద్ధం.

1845లో ఆమెకు ఒంట్లో బాగోక, పిల్లలతో స్వదేశానికి బయల్దేరారు. ప్రయాణం మొదట్లోనే, నవంబరులో, ఆమె పోయింది. కొద్దిరోజులకే చంటివాడూ పోయాడు. ఫాక్స్ మిగతా పిల్లల్ని ఇంగ్లండులో వదిలి బందరు తిరిగొచ్చాడు. 1848లో జబ్బుతో వెళ్ళిపోయి, ముప్పై ఒకటో ఏట కన్నుమూశాడు. ఆయన చదివిన రగ్బీ స్కూలు, ఆయన పేరిట బందరు బడికి ఒక మాస్టరు ఖర్చు భరించింది. నోబుల్ పేరు కాలేజీకి నిలిచింది. బందరులో పుట్టిన కొడుకు 1895లో లండన్‌లో ఆ మిషన్ సొసైటీకే కార్యదర్శి అయ్యాడు, ఇంకెందరో దంపతుల్ని ఇలాగే ఓడలెక్కించే కుర్చీలో!

తరవాతి కథ నా చేతికి చిక్కదు. 1947లో ఆంగ్లికన్లు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో కలిశారు, పాలమూరు వైపున్న మెనోనైట్ల శాఖ, మెనోనైట్ బ్రెదరెన్, కలవలేదు. వాళ్ళిప్పుడు లక్ష పైచిలుకు. డెల్టాలో బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తు వాళ్ళు, బోర్డు బోర్డుకో సంఘం. సి.ఎస్.ఐ. గుడిలో నేటికీ పసివాడికి బాప్తిస్మం ఇస్తారు, మెనోనైట్ సంఘంలో వాడు పెరిగి అడిగేదాకా ఆగుతారు. బందరు పిల్లకీ పాలమూరు పిల్లాడికీ సంబంధం కుదిరితే, మనవడి విషయంలో జూరిచ్ తగువు తీర్చాల్సింది వియ్యపురాళ్ళే.