లిటిల్ ఉమెన్ (నవల)

లిటిల్ ఉమెన్ అమెరికన్ రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ (1832–1888) రాసిన నవల. బోస్టన్‌లోని రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థ మొదటి భాగాన్ని 1868 సెప్టెంబరు 30న, రెండో భాగాన్ని 1869 ఏప్రిల్ 14న ప్రచురించింది. రెండో భాగం ఇంగ్లండులో గుడ్ వైవ్స్ అనే వేరే పేరుతో వచ్చింది. మార్చ్ కుటుంబంలోని నలుగురు అక్కచెల్లెళ్లు మెగ్, జో, బెత్, ఏమీల కథ ఇది. చిన్నప్పుడు చదివినవాళ్లు పెద్దయ్యాక మళ్లీ తెరిచే పుస్తకాల్లో దీనిది ముందు వరుస. ఈ నవలను ప్రాణంగా ప్రేమించినవాళ్లే దానితో పోట్లాడతారు కూడా. జోకి పక్కింటి కుర్రాడు లోరీతో పెళ్లి ఎందుకు చేయలేదన్న తగువు ఇప్పటికీ తెగలేదు.

కథ

కథ మొదలయ్యేసరికి మెగ్‌కి 16, జోకి 15, బెత్‌కి 13, ఏమీకి 12 ఏళ్లు. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. తండ్రి సైన్యంలో మతబోధకుడిగా వెళ్లాడు, ఇంట్లో డబ్బుకి కటకట. క్రిస్మస్ పొద్దున ఆకలితో ఎదురుచూస్తున్న పిల్లలు, తల్లి అడగగానే తమ పలహారాన్ని మోసుకెళ్లి హమ్మెల్ అనే పేద కుటుంబానికి పెట్టి వస్తారు. తండ్రికి జబ్బు చేసిందని తెలిసినప్పుడు జో తన జుట్టు కత్తిరించి అమ్మి, 25 డాలర్లు తెచ్చి తల్లి చేతిలో పెడుతుంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక జుట్టు కోసం ఏడుస్తుంది.

పాఠకులు మరిచిపోని ఘట్టం ఇంకొకటి. నాటకానికి తనను వెంట తీసుకెళ్లలేదన్న కసితో ఏమీ, జో ఏళ్ల తరబడి రాసుకున్న కథల పుస్తకాన్ని పొయ్యిలో వేసి కాల్చేస్తుంది. జో క్షమించదు. మర్నాడు గడ్డకట్టిన నది మీద మంచు విరిగి చెల్లెలు నీళ్లలో పడినప్పుడు గానీ ఆమె కోపం కరగదు. అక్కచెల్లెళ్ల ప్రేమ గురించి చెప్పే కథలు అప్పట్లోనూ చాలానే ఉన్నాయి. పగ కూడా అదే ఇంట్లో, అదే కప్పు కింద పెరుగుతుందని పిల్లలకు దాచకుండా చెప్పినవి అరుదు. ఈ నవల బలం అక్కడే ఉంది.

రచన

ఆడపిల్లల కోసం ఒక పుస్తకం రాయమని సంపాదకుడు థామస్ నైల్స్ అడిగినప్పుడు ఆల్కాట్ ఉత్సాహంగా ఒప్పుకోలేదు. తన అక్కచెల్లెళ్లు తప్ప ఆమెకు ఆడపిల్లల లోకం పెద్దగా తెలియదు. అందుకే వాళ్లనే రాసింది. అక్క ఆనా మెగ్ అయింది, ఎలిజబెత్ బెత్ అయింది, చిత్రకారిణి అయిన చిన్న చెల్లెలు మే ఏమీ అయింది. జో ఆమే. మాసచూసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో ఆర్చర్డ్ హౌస్ అనే ఇంట్లో, రెండు కిటికీల నడుమ గోడకు తండ్రి బిగించి ఇచ్చిన అర్ధచంద్రాకారపు చిన్న బల్ల మీద రాసింది.

మొదటి అధ్యాయాలు నైల్స్‌కి చప్పగా అనిపించాయి, రచయిత్రికీ అలాగే తోచింది. నైల్స్ మేనకోడలు మాత్రం చదివి మురిసిపోయింది. తొలి ముద్రణ 2,000 ప్రతులు కొద్ది వారాల్లోనే అయిపోయాయి. హక్కులు ఒకేసారి అమ్ముకోవద్దని నైల్స్ ఇచ్చిన సలహా విని ఆమె రాయల్టీకి ఒప్పుకుంది. కుటుంబాన్ని ఏళ్లుగా పీడించిన అప్పులు ఆ డబ్బుతోనే తీరాయి.

పాఠకుల ఉత్తరాలు

మొదటి భాగం మెగ్ నిశ్చితార్థంతో ముగిసింది. మిగతావాళ్లు ఎవరిని పెళ్లి చేసుకుంటారని అడుగుతూ చిన్నపిల్లల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పక్కింటి కుర్రాడు లోరీకే జోని ఇవ్వాలని వాళ్ల కోరిక. ఆల్కాట్ అందుకు ససేమిరా అంది. జో పెళ్లి లేకుండా రచయిత్రిగానే ఉండిపోవాలన్నది ఆమె ఉద్దేశం. ఉత్తరాల ఒత్తిడికి సగం లొంగి, జోకి వయసులో చాలా పెద్దవాడైన జర్మన్ ప్రొఫెసర్ భేర్‌తో పెళ్లి చేసింది. లోరీ ఏమీని చేసుకున్నాడు.

చాలామంది ఆమెను దీనికి క్షమించలేదు. ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బోవా చిన్నతనంలో జోలో తననే చూసుకుంది. లోరీ పెళ్లి సంగతి కంటబడగానే చెయ్యి కాలినట్టు పుస్తకాన్ని విసిరేశానని 1958లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకుంది. అయినా ఆ ముగింపు వల్లే నవల బతికిందని చెప్పాలి. పదేళ్లప్పుడు లోరీ కోసం ఏడ్చిన పాఠకురాలికి, నలభై ఏళ్లకి తమ ఇద్దరి మొండితనం ఒక ఇంట్లో ఇమడదని జో లోరీకి ఇచ్చిన జవాబే సబబుగా తోస్తుంది.

సినిమాలు

1933లో జార్జ్ క్యూకర్ తీసిన చిత్రంలో క్యాథరిన్ హెప్‌బర్న్, 1949 చిత్రంలో జూన్ ఆలిసన్, 1994లో గిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన దానిలో వినోనా రైడర్ జోగా నటించారు. 1987లో జపాన్‌లో యానిమేషన్ ధారావాహిక వచ్చింది. గ్రెటా గెర్విగ్ 2019 చిత్రం ఆ పాత తగువునే కథలోకి తెచ్చింది. అందులో జో తన నాయికకు పెళ్లి చేయడానికి ఒప్పుకుంటూనే, పుస్తకం హక్కుల కోసం ప్రచురణకర్తతో గట్టిగా బేరమాడుతుంది.

ఆర్చర్డ్ హౌస్

ఈ ఇల్లు 1912 నుంచి మ్యూజియంగా ఉంది. రాతబల్ల అలాగే ఉంది. మే తన గది గోడల మీద గీసిన బొమ్మలూ చెరగలేదు. అయితే అసలు బెత్ ఆ ఇంట్లో ఎన్నడూ ఉండలేదు. స్కార్లెట్ జ్వరం తగిలాక కోలుకోలేక, కుటుంబం అక్కడికి మారకముందే, 1858 మార్చిలో 22 ఏళ్లకే ఎలిజబెత్ కన్నుమూసింది. చెల్లెలు పోయిన పదేళ్లకు, ఆమె అడుగు పెట్టని ఇంట్లో కూర్చుని, లూయిసా ఆమెను మళ్లీ పియానో ముందు కూర్చోబెట్టింది.

కాంకర్డ్‌లోనే స్లీపీ హాలో శ్మశానంలో, తోబుట్టువు దగ్గరే లూయిసా సమాధి ఉంది. వచ్చిన పాఠకులు ఆ చిన్న రాయి దగ్గర పెన్నులు, పెన్సిళ్లు పెట్టి వెళ్తుంటారు.