గోపన్న గారు అప్పజెప్పిన లెక్క



కొలువు చేసినవానికి కొరడా దెబ్బ కంటె కఠినమైన మాట ఒకటి ఉన్నది. తాను ఎవరి ఉప్పు తిన్నాడో ఆ యజమానే తనను దొంగ అనడం. మన తెలుగుదేశంలో ఆ మాట పడిన భాగవతోత్తములలో కంచెర్ల గోపన్న గారు ముఖ్యులు. భద్రాచల రామదాసుగా ఆయనను స్మరించే మనము చెరసాలను గూర్చి, తానీషాకు కలిగిన స్వప్నమును గూర్చి ఎక్కువగా చెప్పుకొంటాము. ఆయనపై మోపిన నేరమేమి, అందులో నిజమెంత అన్న విచారణ మాత్రం తక్కువ. నేడు ఆ విచారణ చేయదలచినాము.

గోపన్న గారు నేలకొండపల్లి వారు. గోలకొండను ఏలిన చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అనగా మన తానీషా, 1672లో సింహాసనమెక్కినాడు. ఆయన కొలువులో మాదన్న ప్రధాని, అక్కన్న ఆయన అన్నగారు. వీరిరువురు గోపన్న గారికి మేనమామలని ప్రసిద్ధి. ఆ బంధుత్వము వలననే పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం లభించినదంటారు. గోదావరి ఒడ్డున పోకల దమ్మక్క పందిరి వేసి కొలుచుకొంటున్న శ్రీరామమూర్తిని దర్శించి, ఆలయము కట్టవలెనని ఆయన సంకల్పించినారు. భక్తులిచ్చిన చందాలు చాలలేదు. పరగణాలో వసూలైన శిస్తు ఆలయానికి ఖర్చయినది. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని సంప్రదాయం.

ఈ బాకీ ఎంత ప్రమాదకరమో తెలియవలెనంటే గోలకొండ వారి శిస్తు పద్ధతి కొంత తెలియవలెను. అక్కడ పన్నుల వసూలు చాలవరకు గుత్తకు ఇచ్చేవారు. గడువు నాటికి సొమ్ము ఖజానాకు చేరవలసినదే. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న విలియం మెథోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు, కట్టవలసిన సొమ్ము పూర్తిగా కట్టలేకపోయిన ఒక అధికారిని బెత్తములతో కొట్టగా ప్రాణం పోయినదని వ్రాసినాడు. ఆ అధికారి సొమ్ము తిన్నాడా, లేక ప్రజల వద్ద వసూలు కాలేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. బాకీ ఉన్నదంటే నేరమున్నట్లే. తానీషా కాలము దీనికి అర్ధశతాబ్ది తరువాతిదే అయినను, బాకీదారుని దొంగగా చూచే దృష్టి పూర్తిగా పోయినదనుకోలేము.

కనుక గోపన్న గారిపై మోపిన నేరంలో రెండు భాగములున్నవని గ్రహించవలెను. సర్కారు సొమ్ము ఖజానాకు చేరలేదనుట ఒకటి. అది నిజమే. కొందరు భక్తులు ఈ మాట ఒప్పుకొనడానికి సంకోచిస్తారు. సంకోచమెందుకు? ఆ సొమ్ము ఎక్కడికి పోయినదో ఆలయ గోపురమే చెప్పుచున్నది. రెండవది, దానిని ఆయన అపహరించినారనుట. ఇది అబద్ధం. ఒక్క వరహా అయినను నేలకొండపల్లి ఇంటికి చేరినదని ఏ కథలోను లేదు. అనుమతి లేనిదే సర్కారు సొమ్ము వాడడం తప్పా అని అడిగితే, తప్పే అంటాము. అయితే ఆ తప్పు వేరు, దొంగతనం వేరు.

పంజాబు దేశంలో గురునానక్ దేవులకు కూడ ఇట్టి నింద వచ్చినదని వారి జన్మసాఖీలు చెబుతున్నవి. సుల్తాన్‌పూర్‌లో దౌలత్ ఖాన్ లోడీ గారి ధాన్యపు కొట్టుకు ఆయన అధికారి. పేదలకు ధారాళంగా కొలిచి ఇచ్చుచున్నాడు, కొట్టు ఖాళీ చేసినాడని కొండెములు పోయినవి. లెక్కలు చూడగా లోటు లేదు సరికదా, ఆయనకే కొంత రావలసియున్నదట. లెక్క సరిపోయినవాని నింద ఒక్క దినములో తొలగినది. గోపన్న గారి లెక్క సరిపోయేది కాదు. ఆయన బాధ మరింత లోతైనదని మేము భావించుటకు కారణమిదే. అందులో సగము నిజమున్నది గనుక, మిగిలిన సగము అబద్ధమని నమ్మించుట దుస్సాధ్యమైనది.

పన్నెండేండ్లు చెరలో ఉన్నారని అందరి నోట ఉన్న మాట. ఇక్కడ చరిత్రకారుని లెక్క కొంచెము చూడవలెను. మాదన్న ప్రధాని అయినది 1674 ప్రాంతం. మొగలాయిలతో వైరం ముదిరిన వేళ, 1686లో అన్నదమ్ములిద్దరూ హత్యకు గురియైనారు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. మేనమామల వలన ఉద్యోగము రావడం, ఆలయం కట్టడం, ఆపై పన్నెండు సంవత్సరముల చెర, ఇవన్నీ ఈ కొద్దికాలములో ఇముడుట కష్టం. చెర నిజము, సంవత్సరముల సంఖ్యను సంప్రదాయముగా స్వీకరించుట మంచిదని మా అభిప్రాయం. గోలకొండ కోటలో ఆ బందిఖానాను నేటికీ చూపుతారు. గోడపై సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపములను ఆయనే చెక్కినారని చెబుతారు.

ఆ చీకటిలో ఆయన చేసినదేమి? కీర్తనలు పాడినారని మనకు తెలుసు. అందులో ఒక కీర్తనను గుమాస్తా కన్నుతో చూడండి. అది ఖర్చుల పద్దు! భరతునికి ఏ పతకం చేయించినది, దానికెంత అయినది. లక్ష్మణునికి ఏమి, శత్రుఘ్నునికి ఏమి, సీతమ్మవారి చింతాకు పతకమునకెంత, స్వామి కలికితురాయికెంత అని వరుసగా అప్పజెప్పుతారు. గోలకొండ దివాణములో వినేవారు లేని లెక్కను తహసీల్దారు తన అసలు యజమాని ముందు పెట్టినారు. ఎవరి సొమ్మని కులుకుచున్నావని ఆయననే నిలదీసినారు. మరల దెబ్బలకు తాళలేక అన్నానే గాని కోపగించవద్దని వేడుకొన్నారు.

తరువాతి కథ మీరెరిగినదే. రామోజీ, లక్ష్మోజీ అను ఇద్దరు యువకులు బాకీ చెల్లించి రసీదు పొందినారనియు, తెల్లవారి తానీషా స్వయముగా గోపన్న గారిని విడిపించినాడనియు ప్రతీతి. మంగళవేఢ దామాజీ పంతును గూర్చి మహారాష్ట్రులు చెప్పే కథలోను పాండురంగడు ఇట్లే బీదరుకు సొమ్ము మోసుకొనిపోయినాడు. తానీషాను మాత్రం మనము క్రూరునిగా తలచరాదు. శ్రీరామ కల్యాణమునకు ముత్యముల తలంబ్రాలు పంపే ఆచారం ఆయనతో ఆరంభమైనదని భద్రాచలంలోనే చెప్పుకొంటారు.

గోపన్న గారు చేయించిన నగలు దేవస్థానంలో భద్రముగా ఉన్నవి. శ్రీరామనవమి నాడు మిథిలా మండపంలో కల్యాణం జరిగేటప్పుడు అర్చకస్వాములు ఆ ఆభరణములను ఒక్కొక్కటిగా చేత పట్టుకొని, ఇది రామదాసు గారు చేయించిన పచ్చల పతకం, ఇది చింతాకు పతకం అని పేరు చెప్పి జనులందరికీ చూపి, ఆ పిమ్మటనే స్వామికి అలంకరిస్తారు.