ముందు జుట్టు, వెనుక జుట్టు: గోదావరి సీమలో బట్టతల కథ

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు అద్దం ముందు నిలబడి నుదురు ఎంత వెనక్కి జరిగిందో చూసుకోవటం రాజమండ్రిలో, భీమవరంలో చాలా ఇళ్ళకు తెలిసిన సంగతే. పెళ్ళిచూపులకు పంపే ఫొటో ఏ కోణంలో తీయించాలన్న చర్చలో తల్లి, మేనత్త, అక్క అందరూ పాల్గొంటారు. వైద్యుని దగ్గరకు వెళ్ళేలోగా నాలుగు రకాల నూనెలు అయిపోతాయి. చూసేవారికి ఇది హాస్యంగానే ఉంటుంది గాని, అనుభవించే కుర్రవానికి నలుగురిలోకి వెళ్ళటమే కష్టమవుతుంది. ఈ బాధకు కూడా ఒక చరిత్ర ఉన్నది. మన పూర్వులకూ జుట్టు ఊడింది. కాని అది పడుచువాని దుఃఖంగా మారటం ఇటీవలి కథ. ఆ కథలో ఎంతో భాగం మన గోదావరి సీమలోనే వెతుక్కోవచ్చును.

బట్టతల అనగానే తెలుగు చదువుకున్నవారికి మొదట గుర్తుకు వచ్చేది భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెనుగు పద్యం. లక్ష్మణకవి పద్దెనిమిదవ శతాబ్దివాడు, పెద్దాపురం ప్రాంతంవాడు. ఎండకు నడినెత్తి మాడిపోతున్న ఒక బట్టతలవాడు నీడ కోసం పరుగెత్తి ఒక చెట్టు కిందికి చేరతాడు. చెట్టు మీది పండు సరిగా అతని నెత్తి మీదనే పడుతుంది. సంస్కృత పాఠాలు కొన్నింటిలో అది మారేడు చెట్టు. తెనుగులో తాటిచెట్టు అయింది. పొలం గట్ల మీద వరుసగా తాళ్ళు నిలబడి ఉండే సీమలో చదువుకున్నవానికి ఈ బొమ్మ వెంటనే కళ్ళకు కడుతుంది. దురదృష్టవంతుడు ఎక్కడికి పోయినా ఆపద వెంటాడుతుందన్నది పద్యభావం. అందులో బట్టతలవాని కష్టం ఎండ, తాటిపండు. జుట్టు లేనందుకు అతడు సిగ్గుపడినట్లు కవి ఎక్కడా చెప్పలేదన్నది గమనించదగిన విషయం.

వైద్యులు మాత్రం దీనిని ఏనాడో గుర్తించారు. సుశ్రుత సంహిత ఇంద్రలుప్తం, ఖాలిత్యం అనే పేర్లతో జుట్టు రాలటాన్ని క్షుద్రరోగాలలో చేర్చింది. వాతంతో కూడిన పిత్తం రోమాలను రాల్చివేస్తే, రక్తంతో కూడిన కఫం రోమకూపాలను మూసివేయటంవల్ల కొత్త జుట్టు రాదని వివరించింది. మన పల్లెలలో గుంటగలగర రసం పోసి కాచిన నూనె, మందార ఆకు, పేనుకొరుకుడుకు గురివింద గింజ అరగదీసిన గంధం వాడుకలో ఉండేవి. గురివింద విషపదార్థం కనుక ఇవాళ ఎవరూ దానిని స్వయంగా ప్రయోగించి చూడరాదు.

ఈ నూనెల మీద తరతరాలుగా నమ్మకం ఎందుకు నిలిచింది? నాకు తోచిన సమాధానం ఇది. జుట్టు రాలటం ఒక్కటే రకం కాదు. టైఫాయిడ్ వంటి పెద్ద జ్వరం వస్తే, తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. జ్వర తాకిడికి ఎన్నో రోమాలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోవటం దీనికి కారణం. మరికొన్ని నెలలకు అది దానంతట అదే తిరిగి వస్తుంది. పేనుకొరుకుడు అచ్చులు కూడా చాలామందిలో వాటంతటవే పూడుకుంటాయి. కాలువలు, వరదలు, నిలవనీరు ఉన్న డెల్టాలో జ్వరాలకు కొదవ లేదు. జ్వరం తగ్గాక అమ్మమ్మ కాచిన నూనె రాసుకున్నవానికి జుట్టు వచ్చిన మాట నిజమే గాని, రాసుకోకపోయినా వచ్చి ఉండేది. ఇలా సంపాదించిన ఖ్యాతితోనే నూనె బట్టతలకు కూడా మందయి కూర్చున్నది. బట్టతల వేరే జాతి. అది తిరిగి రాని జాతి.

దాని నడక కూడా ప్రత్యేకమైనది. మొదట రెండు కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతుంది, తరువాత నడినెత్తి పలచబడుతుంది. ఎంత ముదిరినా చెవుల పైన, తల వెనుక ఒక అర్ధచంద్రం మిగులుతుంది. ఇప్పుడు మన ముత్తాతల తలలను ఊహించుకోండి. ముందు భాగం గొరిగించుకొని, వెనుక జుట్టు పెంచి ముడి వేసుకోవటం నాటి అగ్రహారాలలో ఆచారం. ఇతరులలోనూ జుట్టుముడి సాధారణమే. బయటికి వెళ్ళేటప్పుడు తలపాగా ఉండనే ఉన్నది. అంటే ప్రకృతి ఏ భాగాన్ని తీసివేస్తుందో ఆచారం ముందుగా ఆ భాగాన్నే తీసివేసింది. కణతలు ఖాళీ అయినవానికీ, మంగలి కత్తితో ఖాళీ చేయించుకున్నవానికీ దూరం నుండి చూస్తే భేదం తెలియదు. ఇరవై ఐదేళ్ళవాని నుదురు రెండంగుళాలు వెనక్కి పోయినా పెళ్ళివారికి కనిపించే అవకాశమే లేదు.

తరువాత క్రాపు వచ్చింది. రాజమండ్రిలో 1853లో మొదలైన పాఠశాల క్రమంగా కళాశాల అయింది. ఆంగ్ల విద్యతోపాటు కొత్త వేషమూ వచ్చింది. ఆ రోజులలో పురుషుని జుట్టు స్వవిషయం కాదు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి మీసాలు పెంచితే అదొక వివాదమై, ఆ జంటకవులు పద్యంలో సమాధానం చెప్పవలసి వచ్చింది. మీసానికే అంత రభస అయితే పిలక తీసివేయటం ఎంత పెద్ద సంగతో ఊహించవచ్చును. అయినా ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో చదువుకున్న పడుచువారి తలల మీద క్రాపు స్థిరపడింది. ఈ మార్పుతో అందం వెనుక ముడి నుండి నుదుటి మీదికి వచ్చింది. పాపిడి, దువ్వెన, చేతి అద్దం, ఫొటో స్టూడియో, అన్నీ ముందు జుట్టునే అడిగాయి. ఏ జుట్టు అన్నిటికంటే ముందు ఊడిపోతుందో దాని మీదనే యౌవనమంతా నిలబడింది. బట్టతల దుఃఖం పుట్టినది అక్కడ అని నా అభిప్రాయం.

ఈ దుఃఖాన్ని కొలుచుకోవటానికి అదే ఊరిలోని మరొక చరిత్రను పక్కన పెట్టి చూడాలి. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అంతవరకూ, ఆ తరువాత కూడా చాలాకాలం, అగ్రవర్ణాల ఇళ్ళలో భర్త పోయిన చిన్నపిల్లలకు తల గొరిగించటం ధర్మంగా చెలామణి అయింది. మగవాని జుట్టు దానంతట అది పోయింది, ఆడపిల్ల జుట్టును ఇంటివారే తీయించారు. జుట్టు పోయినంతలో ప్రాణానికి వచ్చే లోటు లేదు. ఆ తలకు నలుగురూ ఇచ్చే అర్థంవల్లనే మనిషి ఇంట్లో దాక్కోవలసి వస్తుంది. ఈ సంగతి ఆ పసివాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అదే గొరిగిన తలకు మరొకచోట పుణ్యమని పేరు. ద్వారకా తిరుమలలో, అన్నవరంలో తలనీలాలు ఇచ్చి నున్నటి తలతో వచ్చినవానిని చూసి ఎవరూ నవ్వరు. మొక్కు తీర్చుకున్నాడంటారు. ఇంకొక విశేషం ఏమిటంటే ప్రపంచం నెత్తిన పెట్టుకునే జుట్టులో కొంత మన సీమ చేతుల మీదుగానే పోతుంది. తణుకు, ఏలూరు ప్రాంతాలలో వెంట్రుకలను శుభ్రపరచి, చిక్కులు తీసి, పొడవుల వారీగా కట్టలు కట్టి విదేశాలకు పంపే పరిశ్రమ పెరిగింది. 1960ల మధ్యలో అమెరికా చైనా వెంట్రుకల దిగుమతిని నిషేధించటంతో భారతదేశపు జుట్టుకు గిరాకీ హెచ్చింది. 2004 మేలో జెరూసలేము మతగురువు రబ్బీ ఎల్యాషివ్ మన ఆలయాలలో సమర్పించిన జుట్టుతో చేసిన విగ్గులు తమ స్త్రీలు ధరించరాదని తీర్పు చెప్పగా, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో విగ్గులను వీధులలో తగులబెట్టారు. ఎక్కడి మొక్కు, ఎక్కడి మంట! ఈ వ్యాపారంలో ధర పలికేది స్త్రీల పొడవు జుట్టుకే. మగవారి పొట్టి వెంట్రుకలు చౌక. వాటి నుండి సిస్టీన్ అనే ఎమినో ఆమ్లం తీస్తారు. కుర్రవాడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునే వెంట్రుకకు బజారులో ఉన్న విలువ అంతే.

ఇక అసలు కారణం ఎలా తెలిసింది? నపుంసకులకు బట్టతల రాదని హిప్పోక్రటీసు సూత్రాలలోనే ఉన్నది. 1942లో అమెరికాలో జేమ్స్ హామిల్టన్ దానిని పరీక్షకు పెట్టాడు. వృషణాలు పనిచేయనివారికి బట్టతల రాలేదు. వారికి పురుష హార్మోను ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవారికి మాత్రం జుట్టు పలచబడింది. అంటే హార్మోను, వంశం రెండూ కలవాలి. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాలను జూలియన్ ఇంపెరాటో-మెగిన్లీ బృందం వర్ణించింది. టెస్టోస్టిరోను డీహెచ్‌టీ అనే మరొక రూపంలోకి మారటానికి కావలసిన ఎంజైము లోపించిన ఆ పురుషులకు బట్టతల లేదు. అలా అసలు దోషి డీహెచ్‌టీ అని తేలింది. వంశపారంపర్యంగా దానికి లొంగే రోమకూపాలు క్రమంగా చిన్నబడి, లావు వెంట్రుకకు బదులు నూగు మాత్రమే పుట్టిస్తాయి. టోపీ, హెల్మెట్, ఊరి నీళ్ళు, చదువు భారం వీటిలో ఏదీ దీనికి మూలం కాదు.

మన పెద్దలు సంబంధాలు చూసేటప్పుడు తండ్రి తల చూస్తారు. మేనమామ తల కూడా చూడాలి. పురుష హార్మోనును అందుకునే గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగబిడ్డకు అది తల్లి నుండే వస్తుంది. 'మేనమామ పోలిక' అన్న మాటలో అందుకే కొంత నిజమున్నది. కొంత అనటం ఎందుకంటే, ఇందులో పాలుపంచుకునే జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి రెండు వైపుల నుండీ వస్తాయి.

మందులు రెండు నిలిచాయి. రక్తపోటుకు ఇచ్చిన మినాక్సిడిల్ రోగులకు ఒంటి నిండా రోమాలు మొలిపించటంతో, దానిని తలకు రాసే ద్రవంగా చేశారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఆ ఎంజైమును అడ్డగించే ఫినాస్టిరైడ్ 1992లో ప్రోస్టేటు వాపుకు, 1997లో రోజుకు ఒక మిల్లీగ్రాము మోతాదులో బట్టతలకు అనుమతి పొందింది. ఇవి ఉన్న జుట్టును కాపాడటంలో ఎక్కువ సమర్థమైనవి, నున్నబడిన చోట తోట వేయలేవు. ఫలితానికి నెలలు పడుతుంది, మానివేస్తే లాభం పోతుంది. ఫినాస్టిరైడ్ కొందరిలో లైంగికాసక్తిని తగ్గిస్తుంది, మనసు కుంగినట్లు కూడా కొందరు చెప్పారు. కనుక వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే వస్తువు కాదు.

మూడవ మార్గం మళ్ళీ వెనుక జుట్టు దగ్గరకే తెస్తుంది. 1939లో జపానులో ఒకుడా కాలిన తలల మీద జుట్టున్న చర్మపు ముక్కలను నాటాడు. 1952లో న్యూయార్కులో నార్మన్ ఓరెంట్రైక్ బట్టతలకు ఆ పని చేసి, 1959లో ప్రకటించాడు. వెనుక నుండి తీసిన రోమం ముందు నాటినా తన పాత స్వభావాన్నే నిలుపుకుంటుందని అతడు చూపాడు. డీహెచ్‌టీకి లొంగని జుట్టు వెనుకదే. ముత్తాతలు ముడి వేసుకున్న భాగంలోనిదే ఇవాళ శస్త్రవైద్యుడు తీసి నుదుటి మీద నాటుతున్నాడు. అయితే ఆ నిల్వ పరిమితం. ఇరవై రెండేళ్ళకే తొందరపడి ముందు వరుస నాటించుకుంటే, మిగిలినది ఊడుతూ పోయి ముందొక గట్టు, వెనుకొక గట్టు, నడుమ మైదానం మిగిలే ప్రమాదమున్నది. శిక్షణ పొందిన వైద్యుడు స్వయంగా చేసేచోటనే చేయించుకోవాలి.

కాబట్టి జుట్టు రాలుతున్న యువకులకు నేను చెప్పగలిగినది ఇంతే. తలలో దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు యాభై నుండి వంద రాలటం సహజం. దువ్వెనలోని వెంట్రుకలు లెక్కపెట్టటం మానండి. ఈమధ్య జ్వరం వచ్చిందా, తిండి బాగా తగ్గించారా అని చూసుకోండి, అటువంటిదైతే తిరిగి వస్తుంది. గుండ్రటి అచ్చులుగా పోతే అది పేనుకొరుకుడు, దానికి వైద్యం వేరు. కణతలు జరుగుతూ నెత్తి పలచబడుతుంటే నూనెల మీద రెండేళ్ళు పోగొట్టుకోక మొదటి ఏడాదిలోనే చర్మవైద్యుని కలవండి, మందుకు విలువ జుట్టు ఉన్నప్పుడే. వైద్యం వద్దనుకుంటే అదీ మంచి నిర్ణయమే, పొట్టిగా కత్తిరించుకొని తిరగవచ్చును. పెళ్ళివారు అడిగే ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది కుర్రవాడు కాదు, ఆ ప్రశ్న అడిగేవారు.

చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళలో 1900 నుండి 1940 నడుమ తీసిన కుటుంబ ఛాయాచిత్రాలు ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. ఏ ఏటి ఫొటోలో తలపాగా తీసివేశారు, ఎవరు మొదట క్రాపు పెట్టారు, వారిలో ఎవరి నుదురు విశాలంగా ఉన్నది? సంవత్సరమూ ఊరూ చెప్పగలిగితే చాలు. క్రాపు ఏ దారిన ఏ ఊరికి వచ్చిందో, దానితో ఈ దిగులు ఎప్పుడు మొదలయిందో అందరం కలిసి కొంత తేల్చుకోవచ్చును.